ఇన్సులిన్ అంకె, గ్లూకోజు నీళ్లు

అవుకు నుంచి బనగానపల్లె మీదుగా నంద్యాలకు పొద్దున్నే వెళ్లే బస్సులో పరగడుపున కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తుంటారు. ఒకరికి షుగరు పరీక్ష, ఒకరికి థైరాయిడ్, ఒకరికి స్కానింగు. ఇరవై, ఇరవై ఐదేళ్ల అమ్మాయిలు కూడా ఆ వరుసలో ఉంటారు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుంది. గడ్డం కింద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నుదుటి పైన పలచబడ్డ జుట్టు. పెళ్లయిన పిల్లయితే ఇంకా కడుపు పండలేదన్న మాట ఇంటా బయటా. స్కానింగులో నీటి బుడగలని చెప్తారు, చీటీలో పీసీఓఎస్ అని రాస్తారు. అక్కడి నుంచి ల్యాబుకు పోతే పీసీఓఎస్ ప్యాకేజీ ఒకటి తయారుగా ఉంటుంది. అందులో హార్మోన్ల వరుసలోనే పరగడుపు ఇన్సులిన్, దాని కింద హోమా అనే మరో లెక్క.

ఆ రెండు అంకెల కోసం కూలి పోగొట్టుకుని, వేల రూపాయలు కట్టి వచ్చిన కుటుంబానికి అవి ఏం చెప్తున్నాయి? నా లెక్కలో చాలా తక్కువ. చెప్పవలసిన పరీక్ష వేరే ఉంది. అది చౌక, పాతది. మన పీహెచ్‌సీలకు కొత్తేమీ కాదు.

ఇన్సులిన్‌కూ ఈ జబ్బుకూ ఉన్న బంధం మాత్రం నిజమే. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా విననప్పుడు క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదిలి పని జరిపిస్తుంది. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి మామూలుగానే ఉంటుంది. కానీ అండాశయం మాత్రం ఇన్సులిన్ మాట వింటూనే ఉంటుంది. పైనుంచి వచ్చే ఎల్‌హెచ్ హార్మోనుతో కలిసి ఆ అదనపు ఇన్సులిన్ అక్కడ మగ హార్మోన్లను పెంచుతుంది. మరోవైపు, టెస్టోస్టిరాన్‌ను పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను కాలేయం తక్కువగా తయారుచేస్తుంది. దాంతో విడిగా తిరిగే టెస్టోస్టిరాన్ ఇంకా పెరుగుతుంది. గడ్డం కింద వెంట్రుకకూ, తప్పిపోయిన నెలసరికీ, రేపు రాబోయే షుగరుకూ మూలంలో చుట్టరికం ఇదే.

ఈ చుట్టరికాన్ని పట్టుకోవడానికి వైద్యులకు చాలా కాలం పట్టింది. 1921లో ఫ్రాన్సులో అషార్, తియేర్ అనే వైద్యులు గడ్డం వచ్చిన ఆడవాళ్లలో మధుమేహం గురించి రాశారు. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ ఏడుగురు స్త్రీల అండాశయాలను వర్ణించారు గానీ షుగరు ఊసెత్తలేదు. రెండు కథలూ కలిసింది 1980లో. అమెరికాలోని మెంఫిస్‌లో బర్గెన్ బృందం ఈ స్త్రీలలో ఇన్సులిన్ ఎంత ఎక్కువుంటే మగ హార్మోన్లు అంత ఎక్కువున్నాయని చూపించింది. 1989లో ఆండ్రియా దునాయిఫ్ బృందం ఇంకో అడుగు వేసి, అధిక బరువు లేనివాళ్లలో కూడా ఒళ్లు ఇన్సులిన్ మాట వినని ఈ గుణం, అంటే ఇన్సులిన్ నిరోధం, ఉందని కొలిచి చెప్పింది.

కొలవడం అన్నాను గానీ, ఆ కొలత మన ఊళ్లలో జరిగేది కాదు. దాని పేరు క్లాంప్. డిఫ్రాంజో బృందం 1979లో దాన్ని వివరంగా ప్రచురించింది. ఒక సిర గుండా ఇన్సులిన్ ఆగకుండా ఎక్కిస్తారు, ఇంకో సిర గుండా గ్లూకోజు. ఐదు నిమిషాలకోసారి రక్తం చూస్తూ, చక్కెర ఒకే స్థాయిలో నిలబడేలా గ్లూకోజు హెచ్చిస్తూ తగ్గిస్తూ రెండు గంటలు కూర్చోబెడతారు. ఎంత గ్లూకోజు ఎక్కించాల్సి వచ్చిందన్నదే జవాబు. ఎక్కువ పట్టితే ఒళ్లు ఇన్సులిన్ మాట వింటోందని, తక్కువతో సరిపోతే వినడం లేదని. పరిశోధనశాలకు తప్ప ఆసుపత్రికి పనికిరాని పద్ధతి ఇది.

దీనికి దగ్గరి దారిగా 1985లో ఆక్స్‌ఫర్డ్‌లో మాథ్యూస్ బృందం హోమా సూత్రం ఇచ్చింది. పరగడుపు చక్కెరను పరగడుపు ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించడమే. చక్కెర 92, ఇన్సులిన్ 14 అనుకోండి, జవాబు 3.2కు కొంచెం తక్కువ. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ల్యాబు కాగితం మీద ఇన్సులిన్ పక్కన మామూలు పరిధి 2.6 నుంచి 24.9 అని అచ్చయి ఉంటుంది. ఆ లెక్కన 14 మామూలే. కింద హోమా దగ్గర 2.5 దాటితే నిరోధం అని ఉంటుంది. ఆ లెక్కన ఇదే అమ్మాయికి నిరోధం ఉంది. ఒకే కాగితం, ఒకే రక్తం, రెండు తీర్పులు. పైగా ఆ 2.5 కూడా అందరూ ఒప్పుకున్న గీత కాదు. ఒక పరిశోధనలో 2, ఇంకో దాంట్లో 3.8. ఏ జనంలో, ఏ కిట్‌తో కొలిచారన్నదాన్ని బట్టి గీత జరుగుతూ ఉంటుంది.

కిట్ల సంగతి ఇంకా చెప్పాలి. గ్లూకోజు ఏ ల్యాబులో కొలిచినా దాదాపు ఒకేలా రావాలి, దానికి ప్రమాణాలు స్థిరపడ్డాయి. ఇన్సులిన్‌కు ఆ భాగ్యం లేదు. ఒకే నమూనాను రెండు కంపెనీల యంత్రాల్లో పెడితే రెండు అంకెలు రావచ్చు. క్లోమం కూడా ఇన్సులిన్‌ను ఒకే ధారగా వదలదు, కొన్ని నిమిషాలకోసారి విడతలు విడతలుగా వదులుతుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి ఐదారు నిమిషాలు చాలు. సూది ఏ క్షణాన గుచ్చారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే జాగ్రత్తగా చేసే పరిశోధనల్లో ఐదేసి నిమిషాల తేడాతో మూడు నమూనాలు తీసి సగటు కడతారు. ల్యాబులో ఒక్కటే తీస్తారు.

తీసిన రక్తం ప్రయాణం ఇంకో గండం. మండల కేంద్రంలో చేతి నుంచి తీసిన రక్తం నంద్యాలకో కర్నూలుకో, అక్కడి నుంచి హైదరాబాదుకో పోవాల్సి రావచ్చు. సన్న సూదితో గట్టిగా లాగినా, గొట్టాన్ని కుదిపేసినా ఎర్ర కణాలు పగులుతాయి. వాటిలోంచి బయటపడే ఎంజైము ఇన్సులిన్‌ను తినేస్తుంది, అంకె తక్కువగా వస్తుంది. సీరం వేరుచేసి చల్లగా ఉంచితేనే నమ్మదగింది. ఎండాకాలం రాయలసీమలో, పార్సిలు డబ్బాలో, మధ్యాహ్నం రెండింటికి ఆ చల్లదనం ఎంత మిగులుతుందో ఎవరి ఊహకు వాళ్లకే వదిలేస్తున్నాను.

ఇంకొక మోసం ఇంట్లోనే ఉంటుంది. జుట్టు రాలుతోందని చాలామంది అమ్మాయిలు బయోటిన్ మాత్రలు వాడతారు, 5 మిల్లీగ్రాములవి, 10 మిల్లీగ్రాములవి మందుల షాపులో అడిగితే ఇస్తారు. చాలా ల్యాబు యంత్రాల రసాయనంలోనూ బయోటిన్ ఉంటుంది. రక్తంలో అది ఎక్కువైతే అలాంటి యంత్రాల్లో ఇన్సులిన్, థైరాయిడ్‌కు చూసే టీఎస్‌హెచ్ వంటివి ఉన్నదానికంటే తక్కువగా, టెస్టోస్టిరాన్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరించింది. రక్తం ఇచ్చే ముందు బయోటిన్ మాత్ర మానాలని చెప్పే ల్యాబు మీకు తగిలితే ఆ ల్యాబును వదలకండి.

ఇవన్నీ సాంకేతిక లోపాలు, రేపు ఎవరైనా సరిచేయవచ్చు. నన్ను ఎక్కువగా ఆపేది వేరే ప్రశ్న. ఆస్ట్రేలియాలో స్టెప్టో బృందం 2013లో క్లాంప్‌తోనే కొలిచి చూసింది. పీసీఓఎస్ ఉన్న సన్నటి స్త్రీలలో 75 శాతం మందిలో, బరువున్నవాళ్లలో 95 శాతం మందిలో నిరోధం కనిపించింది. చిన్న అధ్యయనమే గానీ, తర్వాత అనేక క్లాంప్ అధ్యయనాలను కలిపి చూసిన 2016 సమీక్ష కూడా అదే దిక్కున నిలిచింది. బరువుతో సంబంధం లేకుండా ఈ స్త్రీలలో ఇన్సులిన్ పనితనం సగటున 27 శాతం తక్కువ. ఇంతమందికి ఉన్నదాన్ని ఉందా లేదా అని డబ్బు కట్టి అడగడం ఎందుకు? ఉందనే అనుకుని ముందుకు పోవచ్చు. అంకె మామూలుగా వచ్చినా సలహా మారదు, ఎక్కువగా వచ్చినా మారదు. వైద్యం మార్చని పరీక్ష రోగి జేబును మాత్రమే మారుస్తుంది.

ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం నుంచి హెలీనా టీడ్ నాయకత్వంలో 2018లోనూ, మళ్లీ 2023లోనూ వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఈ మాటే చెప్పాయి. ఇన్సులిన్ నిరోధం ఈ జబ్బులో కీలకమైనదే, కానీ ఇప్పుడు అందుబాటులో ఉన్న ఇన్సులిన్ పరీక్షలను రోజువారీ వైద్యంలో వాడవద్దు. దానికి బదులు చక్కెర స్థితి చూడండి. పీసీఓఎస్ అని తేలినప్పుడు ఒకసారి, తర్వాత ప్రమాదాన్ని బట్టి ఏడాదికో మూడేళ్లకో ఒకసారి. ఎలా చూడాలి? 75 గ్రాముల గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలకు. ఓజీటీటీ అనేది ఇదే.

పరగడుపు షుగరు ఒక్కటే చాలదా అని అడగవచ్చు. 1999లో అమెరికాలో రిచర్డ్ లెగ్రో బృందం పీసీఓఎస్ ఉన్న 254 మందికి గ్లూకోజు నీళ్లు తాగించి చూసింది. వాళ్లలో 31 శాతానికి షుగరుకు ముందు దశ, 7.5 శాతానికి అప్పటికే షుగరు ఉన్నట్టు తేలింది. పరగడుపు చక్కెర ఒక్కటే చూసి ఉంటే మొత్తం మందిలో 3.2 శాతానికే షుగరు ఉన్నట్టు తేలేది. షుగరు ఉన్నవాళ్లలో సగానికి పైగా చేతిలోంచి జారిపోయేవారన్నమాట. అవుకు రిజర్వాయరులో పొద్దున నీటిమట్టం చూసినంత మాత్రాన మధ్యాహ్నం కాలువకు వదిలినప్పుడు గట్టు తట్టుకుంటుందో లేదో తెలియదు కదా. ఈ జబ్బులో చక్కెర మొదట అదుపు తప్పేది తిన్న తర్వాతే. తొందరగా తప్పుతుంది కూడా. డెన్మార్కులో దేశవ్యాప్త రికార్డులు చూసి 2017లో ప్రచురించిన లెక్క ప్రకారం పీసీఓఎస్ ఉన్నవాళ్లకు టైప్ 2 షుగరు వచ్చే అవకాశం నాలుగు రెట్లు, సగటున నాలుగేళ్లు ముందుగా.

మూడు నెలల షుగరు అని మనం పిలుచుకునే హెచ్‌బీఏ1సీ కూడా ఒక దారి. పరగడుపు అక్కర్లేదు, ఒక్క సూదితో అయిపోతుంది. ఓజీటీటీ కుదరకపోతే వాడుకోవచ్చని మార్గదర్శకాలు అంటాయి. మన దగ్గర మాత్రం దాన్ని చూసే కన్ను వేరుగా ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని తేలింది. ఇనుము తక్కువైనప్పుడు ఎర్ర కణాలు ఎక్కువ రోజులు బతుకుతాయి, హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రక్తం విరిగిపోయే జబ్బుల్లో తలకిందులుగా తక్కువగా కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ 8 ఉన్న అమ్మాయికి 6.1 వచ్చిందని షుగరు మొదలైందని భయపెట్టడం, ఐరన్ మాత్రలు వేశాక 5.5 వస్తే కషాయం పనిచేసిందని సంబరపడటం రెండూ మన దగ్గర జరగగల పనులే.

ఇక గ్లూకోజు నీళ్ల పరీక్ష. తేలికైనదే గానీ సరిగా చేయడానికి కొంత ఓపిక కావాలి. ముందు మూడు రోజులు మామూలుగా తినాలి, రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం ఒంట్లోకి పోవాలి. ఇది ఇప్పుడు గట్టిగా చెప్పాల్సి వస్తోంది. పీసీఓఎస్ అనగానే అన్నం మానేసి, ఫోనులో చూసిన ఏదో డైటు పట్టుకుని వారం తర్వాత పరీక్షకు వచ్చేవాళ్లున్నారు. పిండి పదార్థం బాగా తగ్గించిన ఒంటికి ఒక్కసారిగా 75 గ్రాములు పోస్తే లేని షుగరు ఉన్నట్టు కనిపించవచ్చు. కొర్రన్నం తినేవాళ్లు కంగారు పడనక్కర్లేదు, కొర్రలోనూ పిండే ఎక్కువ. సూర్యనంది వంటి కొర్ర రకాలను ఇచ్చిన నంద్యాల పరిశోధన కేంద్రం నీడలో ఉన్నవాళ్లకు ఇది నేను చెప్పాలా.

రాత్రి తిన్నాక 8 గంటలు తక్కువ కాకుండా కడుపు ఖాళీగా ఉంచి, మొదటి రక్తం తీసి, గ్లూకోజు కలిపిన గ్లాసెడు నీళ్లు ఐదు నిమిషాల్లో తాగించాలి. పొడి కొలతలో ఒక మెలిక ఉంది. నీటి అంశ లేని గ్లూకోజయితే 75 గ్రాములు, నీటి అంశతో ఉండే రకమైతే 82.5 గ్రాములు. షాపులో కొన్న డబ్బా ఏ రకమో చూడకుండా చెంచాలతో కొలిస్తే మొదటి మెట్టులోనే తప్పు. తాగాక రెండు గంటలు కూర్చునే ఉండాలి. బజారుకు పోయి గాజులు కొనుక్కుని వస్తే నడకకే చక్కెర తగ్గుతుంది. రక్తం బూడిద రంగు మూత ఉన్న గొట్టంలో పడాలి, లేకపోతే గొట్టంలోని కణాలే గంట గంటకూ చక్కెరను తినేస్తాయి. రెండు గంటలకు 140 లోపయితే మామూలు, 140 నుంచి 199 ముందు దశ, 200, అంతకుమించితే షుగరు. ఈ గీతలు హోమా గీతల్లా జరగవు.

నంద్యాలలో పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉంది, 2023లో వైద్య కళాశాల కూడా వచ్చింది. అయినా అవుకు నుంచి పరగడుపున బయల్దేరిన మనిషి మొదటి సూది పడేసరికే నీరసించిపోతుంది. రెండు గంటల తర్వాత రెండో సూది, ఆ పైన రిపోర్టు, సాయంత్రం బస్సు. ఓజీటీటీని వైద్యులు రాయకపోవడానికి అసలు కారణం సైన్సు కాదు, ఈ రోజంతా పోవడమే. ఇన్సులిన్ పరీక్షకు ఒక్క సూది, పది నిమిషాలు. ల్యాబుకూ రోగికీ ఇద్దరికీ హాయి.

సన్నగా ఉన్న పిల్లకు ఇవన్నీ ఎందుకన్న మాట ఇళ్లలో వినిపిస్తుంది. 2004లో లాన్సెట్ పత్రిక ఒక ఫొటో వేసింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన ఒళ్లు సన్నగా కనిపించినా లోపల కొవ్వు దాచుకుంటుంది. అందుకే భారతీయులకు బీఎంఐ 23 నుంచే అధిక బరువు అంటారు, స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త అంటారు. దర్జీ టేపు ఒకటి ఉంటే చాలు, హోమా కంటే అదే ఎక్కువ చెప్తుంది.

మెడ ఇంకా ఎక్కువ చెప్తుంది. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా, ముట్టుకుంటే మఖమల్‌లా ఉండే చర్మం ఇన్సులిన్ ఎక్కువగా ఉందనడానికి కంటికి కనిపించే గుర్తు. తల్లులు దాన్ని మురికి అనుకుంటారు. "ఏం మే, మెడ సరిగ్గా రుద్దుకోవా?" అని శనగపిండి, నిమ్మచెక్క పట్టుకుని తోముతారు. చర్మం ఎర్రబడుతుంది గానీ నలుపు పోదు. తెల్లబరిచే క్రీములు వస్తాయి. పెళ్లిచూపులకు ముందు మెడ మీద పౌడరు అద్దడం ఎన్ని ఇళ్లలో జరుగుతుందో. ఆ మెడను చూసి గ్లూకోజు నీళ్ల పరీక్షకు పంపాల్సిన చూపు ఏఎన్‌ఎంకు, ఆశ కార్యకర్తకు ఉంటే ఇన్సులిన్ కిట్ అవసరమే రాదు.

అయితే ఇన్సులిన్ కొలవడం పూర్తిగా దండగా? కాదు, మందిని పోల్చేటప్పుడు అది పనికొస్తుంది. మనకు దగ్గర్లోనే దానికి మంచి ఉదాహరణ ఉంది. అవుకు నుంచి కొలిమిగుండ్ల దాటి తాడిపత్రి వైపు పోతే అనంతపురం జిల్లా. అక్కడి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల 460 మంది అమ్మాయిలను పరిశీలించి 9.13 శాతం మందికి పీసీఓఎస్ ఉందని నిధి రామ్, పద్మలత వెంకట్రామ్, నాగరత్నల బృందం 2011లో ప్రచురించింది. తర్వాత పీసీఓఎస్ ఉన్న 90 మంది అమ్మాయిలను రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు రోజుకు గంట యోగా, ఇంకో జట్టుకు గంట మామూలు వ్యాయామం, 12 వారాలు. పరగడుపు ఇన్సులిన్, హోమా యోగా జట్టులో ఎక్కువ తగ్గాయి. బరువులో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. త్రాసు చూసుకుని ఏడ్చే పిల్లలకు ఈ చివరి మాట చెప్పదగ్గది. హాస్టల్లో గంట ఒళ్లు కదిపితే బరువు దిగకపోయినా లోపల మార్పు జరుగుతుంది. అక్కడ హోమా రెండు జట్ల సగటుల్ని పోల్చింది, ఒక్కో లోపం ఆ సగటులో కలిసిపోయింది. అదే అంకెను ఒక్క పిల్ల చేతిలో పెట్టి తీర్పు చెప్పమంటే చెప్పలేదు. అసలు యుక్తవయసు మధ్యలో అందరు పిల్లలకూ ఇన్సులిన్ నిరోధం కొంత పెరిగి తర్వాత తగ్గుతుంది. పద్నాలుగేళ్ల పిల్లకు ఇన్సులిన్ ప్యాకేజీ రాయడం మరీ అర్థం లేని పని.

అరుదుగా ఒక్క మనిషికి కూడా ఇన్సులిన్ చూడాల్సి వస్తుంది. చేతులు కాళ్ల కొవ్వు కరిగిపోయి కండరాలు తేలినవాళ్లు, గొంతు బరువెక్కి మగపోలికలు వేగంగా వచ్చినవాళ్లు, చక్కెర మాటిమాటికీ పడిపోయేవాళ్లు. వాళ్లను ఎండోక్రైన్ నిపుణుల దగ్గరికి పంపాలి, ఆ పరీక్ష అక్కడ జరుగుతుంది.

మందు రాయడానికి ఇన్సులిన్ అంకె కావాలన్నది ఇంకో అపోహ. మెట్‌ఫార్మిన్ ఇవ్వాలా వద్దా అన్నది బరువు, చక్కెర, నెలసరి, గర్భం కోరిక చూసి నిర్ణయిస్తారు. దాన్ని రాసినప్పుడు ఇంట్లో లేచే గోల వేరే. "పెండ్లి గాని పిల్లకు షుగరు బిళ్ల ఎందుకు మేడం?" అని నాయన అడుగుతాడు, పిల్లేమో ఆ అట్టను హ్యాండ్‌బ్యాగులో దాచుకుంటుంది. దానికి జవాబుగా చెన్నైలో రామచంద్రన్ బృందం 2006లో వెలువరించిన ఫలితం చెప్పవచ్చు. షుగరు ముందు దశలో ఉన్న భారతీయుల్లో తిండి, నడక మార్చుకున్నవాళ్లకు షుగరు వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది, చిన్న మోతాదు మెట్‌ఫార్మిన్‌తో 26.4 శాతం. రెండూ కలిపితే అదనంగా ఒరిగిందేమీ లేదు. పిల్లలు పుట్టడం మాటకొస్తే, 2007లో 626 మంది మీద వచ్చిన అమెరికా అధ్యయనంలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో 7.2 శాతానికే బిడ్డలు పుట్టారు, క్లోమిఫిన్ వాడినవాళ్లలో 22.5 శాతానికి. బిళ్ల ఎందుకు రాశారో ఆ ఇంటికి విడమర్చి చెప్పాల్సిన బాధ్యత రాసినవాళ్లదే.

మన ప్రభుత్వ ఏర్పాటులో ఖాళీ సరిగ్గా ఇక్కడే ఉంది. అసంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం కింద ఊరూరా చేసే షుగరు పరీక్షలు 30 ఏళ్లు నిండినవాళ్ల కోసం రూపొందినవి. ఇరవై రెండేళ్ల పీసీఓఎస్ అమ్మాయి ఆ జాబితాలో లేదు. అదే అమ్మాయి గర్భవతి కాగానే కథ మారుతుంది. కేంద్ర ప్రభుత్వ నియమాల ప్రకారం ప్రతి గర్భిణికీ మొదటి రాకలోనే, మళ్లీ 24–28 వారాల్లో, 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చక్కెర చూడాలి. తిన్నా తినకపోయినా సరే, 140 గానీ అంతకు మించి గానీ వస్తే గర్భిణీ షుగరు. అరగంట లోపల వాంతయితే మర్నాడు మళ్లీ చేయాలి. అంటే గ్లూకోజు పొడి, గ్లాసు, గ్లూకోమీటరు, రెండు గంటలు కూర్చోబెట్టే బెంచీ, ఆ పని తెలిసిన నర్సు, ఇవన్నీ మండలంలోనే ఉండాల్సినవి. పీసీఓఎస్ పిల్లకు పరగడుపున ఒక సూది అదనంగా గుచ్చితే చాలు. గ్లూకోమీటరు అంకె జల్లెడగానే పనికొస్తుంది, తేడా వచ్చినవాళ్లను మాత్రం ల్యాబుకు పంపి సిర రక్తంతో ఖాయం చేసుకోవాలి. అప్పుడు నంద్యాల బస్సు ఎక్కాల్సింది కొందరే.

కాన్పు తర్వాత మాత్రం ఆ దారం తెగిపోతుంది. గర్భిణీ షుగరు వచ్చినవాళ్లకు కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు నీళ్ల పరీక్ష చేయాలని అదే నియమం చెప్తుంది. కానీ మొదటి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోయి ఉంటుంది, చూసినవాళ్లు ఒక ఊళ్లో, కాన్పు చేసినవాళ్లు ఇంకో ఊళ్లో. ఆరు వారాలకు పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని పరగడుపున రెండు గంటలు కూర్చోమని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. పీసీఓఎస్ ఉన్న పిల్ల కాన్పుకు బయల్దేరే ముందే ఆ తేదీని తల్లీబిడ్డల కార్డు మీద రాసి, పుట్టింటి ఊరి ఏఎన్‌ఎంకు ఫోను చేసి చెప్పడం అత్తింటి ఊరి ఏఎన్‌ఎం పని.